పీట ఎత్తులో కెమెరా

మా కారు డిక్కీలో కెమెరా బ్యాగులు, ట్రైపాడ్లు, లైట్ స్టాండ్లతో పాటు ఎప్పుడూ ఒక పీట ఉంటుంది. టేకు పీట, నాలుగంగుళాల ఎత్తు. అమ్మ వంటింట్లోది. ఒక మూల చెక్క లేచి చీర కుచ్చిళ్లు పట్టుకుంటోందని అమ్మ పక్కన పెడితే, గరుకు కాగితంతో రుద్దించి నేను తెచ్చుకున్నాను. పెళ్లి వీడియోలు తీయడం నా వృత్తి. 2008లో మొదలుపెట్టాను. పీట ఎందుకమ్మా అని మండపం డెకరేషన్ వాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు.

వేసవి సెలవులకి మా అన్నయ్య కూతురు తెనాలి వచ్చింది. డిగ్రీ రెండో ఏడు. నానమ్మ వంటలన్నీ వీడియోలు తీసి పెడతానని కూర్చుంది. మొదటిది గోంగూర పచ్చడి. అమ్మ వరండాలో గచ్చు మీద కాళ్లు చాపుకుని, ఒళ్లో చేట పెట్టుకుని ఆకు తుంచుతోంది. ఈ పిల్ల ఎదురుగా నిలబడి, ఫోన్ తన మొహం ఎత్తులో పట్టుకుని పదకొండు నిమిషాలు కదలకుండా తీసింది. రాత్రి భోజనాలయ్యాక టీవీలో పెట్టి అందరికీ చూపించింది. అమ్మ ఓ నిమిషం చూసి, "నా పాపిడి తప్ప ఇంకేం కనపడట్లేదేమే తల్లీ" అంది. పిల్ల మొహం చిన్నబోయింది.

కాసేపాగి నోట్‌బుక్ పట్టుకుని నా గదిలోకి వచ్చింది. "అత్తా, షాట్లు, యాంగిల్స్ నెట్‌లో చూసి రాసుకున్నాను. పాతిక దాకా ఉన్నాయి. ఇవన్నీ రావాలా?" అని అడిగింది. ఆ రాత్రి దానికి చెప్పినవీ, చెబుతుంటే నాకు గుర్తొచ్చినవీ ఇవి.

ముందు నోట్‌బుక్ మూసేయమన్నాను. మనిషిని తీసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఎంత దూరంలో ఉన్నాను? ఎంత ఎత్తులో ఉన్నాను? దూరాన్ని బట్టి లాంగ్, మిడ్, క్లోజ్ అని పేర్లు వస్తాయి. ఎత్తుని బట్టి లో యాంగిల్, ఐ లెవెల్ (అంటే కంటి ఎత్తు), హై యాంగిల్, టాప్ యాంగిల్ వస్తాయి. మిగతా పేర్లలో చాలా మటుకు వీటి పిల్లలే.

లాంగ్ షాట్ అంటే మనిషి తల నుంచి పాదాల దాకా, చుట్టూ ఉన్న చోటుతో సహా కనిపించడం. కొత్తగా తీసేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. పెళ్లిలో నేను మొదట తీసేది ఇదే, అదీ జనం రాకముందు. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే అంతకు రెండు గంటల ముందే వెళ్తాను. పందిరి రాటలకి కట్టిన అరటి పిలకలు, మామిడి తోరణాలు, వరసగా వేసిన ఖాళీ కుర్చీలు, ఓ మూల నిద్రపోతున్న సన్నాయి మేళం వాళ్ల పిల్లాడు. తర్వాత ఆ కుర్చీలన్నీ నిండాక అదే చోట నిలబడి, అదే ఎత్తులో ఇంకో షాట్ తీస్తాను. రెండూ పక్కపక్కన పెడితే పెళ్లి ఎంత పెద్దదో చూసేవాళ్లకి నోటితో చెప్పక్కర్లేదు. లాంగ్ షాట్‌లో చూడాల్సినవి ఎక్కువ కాబట్టి దాన్ని కనీసం ఆరేడు సెకన్లు ఉంచాలి. క్లోజప్‌కి రెండు, మూడు సెకన్లు సరిపోతాయి.

మిడ్ షాట్ అంటే తల నుంచి నడుం దాకా. మాటలు నడిచే చోట ఇదే తిండి పెట్టే షాట్. చేతులు కనిపిస్తాయి, మొహమూ కనిపిస్తుంది. మన వాళ్లు చేతులతోనే సగం మాట్లాడతారు కదా. దీనిలో నేను చాలా పట్టుగా ఉండేది ఒక్క దగ్గర, కోత ఎక్కడ పడాలన్న దగ్గర. ఫ్రేము అంచు మోకాలి మీద గానీ, మోచేతి మీద గానీ, మణికట్టు మీద గానీ పడకూడదు. కీలు దగ్గర కోస్తే ఆ అవయవం అక్కడికే అయిపోయినట్టు కనిపిస్తుంది. కీలుకి కాస్త పైనో, కిందో కోయాలి.

పాత హాలీవుడ్ కౌబాయ్ సినిమాల్లో నడుముకి వేలాడే తుపాకీ ఒర కనపడాలని తొడల మధ్య దాకా తీసేవాళ్లు. దానికి కౌబాయ్ షాట్ అనే పేరు స్థిరపడింది. మన పెళ్లికూతుళ్లకి కూడా అదే కొలత. తుపాకీ బదులు వడ్డాణం. నడుం దగ్గర కోస్తే వడ్డాణం సగమే పడుతుంది. ఆల్బమ్ చూసినప్పుడు ఆ పిల్ల ఏమీ అనకపోయినా వాళ్ల అమ్మమ్మ తప్పకుండా అడుగుతుంది.

ఇక క్లోజప్. అందరికీ ఇష్టం ఇదే, అందరూ తప్పు చేసేదీ ఇక్కడే. మా మేనకోడలు క్లోజప్ అంటే ఫోన్‌ని నానమ్మ మొహానికి దగ్గరగా తీసుకెళ్లడమే అనుకుంది. ఫోన్లలో మామూలు కెమెరా బాగా వెడల్పుగా చూసే లెన్సు. దాన్ని జానెడు దూరంలో పెడితే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి, మనిషి మొహం మనకి తెలిసిన మొహంలా ఉండదు. ఇది లెన్సు తప్పు కాదు, దూరం వల్ల వచ్చేది. కెమెరాకి జానెడు దూరంలో ముక్కు ఉంటే, చెవి దానికి దాదాపు ఒకటిన్నర రెట్ల దూరాన ఉన్నట్టు లెక్క. అదే ఆరేడు అడుగుల దూరం నుంచి చూస్తే ముక్కు దూరం, చెవి దూరం ఇంచుమించు ఒకటే. అందుకే నాలుగడుగులు వెనక్కి వెళ్లి, జూమ్‌తో మొహాన్ని దగ్గరికి తెచ్చుకోమంటాను. నేను పెళ్లిలో మొహాలకి వాడేది దూరం నుంచే మొహాన్ని దగ్గరగా చూపించే 85 ఎంఎం లెన్సు, ఆరేడు అడుగుల దూరం నుంచి. ఆ దూరంలో ఉంటే ఎదుటి మనిషి ఊపిరి కూడా బిగపట్టదు. కెమెరా మొహం మీదికి వస్తే ఎవరికైనా టెన్షనే.

కళ్లలో మనకి దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ ఉండాలి. తలపైన ఖాళీ, అంటే హెడ్‌రూమ్, కొంచెమే ఉండాలి. మనిషి ఎటు చూస్తుంటే అటు కాస్త ఎక్కువ చోటు వదలాలి. లేకపోతే గోడకి మొహం పెట్టి నిలబడ్డట్టుంటుంది. ఇవి పదిసార్లు తీస్తే చేతికి వచ్చేస్తాయి, ఎక్కువ చెప్పడానికి ఏం లేదు.

క్లోజప్ అంటే మొహమొక్కటే అనుకోకూడదు. అప్పగింతల్లో పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో అద్దుతారు. ఆ పాలు రెండు చేతుల మధ్య నుంచి మోచేతి దాకా కారతాయి. గాజుల మధ్య ఆగి, మళ్లీ కారతాయి. ఆ ఒక్క షాటు నాలుగు సెకన్లు పెడితే ఇంట్లో టీవీ ముందు కూర్చున్న వాళ్లు మాట్లాడటం ఆపేస్తారు. నేను చాలాసార్లు చూశాను.

అదే అప్పగింతల దగ్గర నేనొకసారి చేసిన తప్పు ఉంది. రెండో ఏడో, మూడో ఏడో. కెమెరా అంతసేపూ పెళ్లికూతురి మీదే ఉంచాను. ఏడుస్తోంది, మంచి క్లోజప్, వెనక దీపాలు మసకగా గుండ్రంగా పడ్డాయి. నాకు చాలా నచ్చింది. క్యాసెట్ ఇచ్చిన వారం తర్వాత వాళ్లమ్మగారు మా స్టూడియోకి వచ్చారు. దెబ్బలాడ్డానికి రాలేదు. కుర్చీలో కూర్చుని, కాసిని మంచినీళ్లు తాగి, "అమ్మాయ్, నేనెక్కడా లేనే అందులో" అన్నారు. ముప్పావు గంట అప్పగింతల్లో ఆవిడ రెండుసార్లు కనిపించారు, రెండుసార్లూ వీపే. ఇరవై రెండేళ్లు పెంచిన పిల్లని పంపిస్తున్న మనిషి మొహం నా దగ్గర ఒక్క సెకను కూడా లేదు. మళ్లీ తీద్దాం అనడానికి లేదు. ఆవిడకి నేనేం చెప్పానో గుర్తు లేదు గానీ, ఆవిడ వెళ్లేటప్పుడు గ్లాసు కడిగి బోర్లించి వెళ్లారు. అది గుర్తుంది.

సినిమా వాళ్లు దీన్ని రియాక్షన్ అంటారు. మాట్లాడే మనిషిని ఎంతసేపు చూపించాలో, వినే మనిషినీ చూపించాలి. ఆ తర్వాత నుంచి రెండో కెమెరాకి ఒకటే పని పెట్టాను. అప్పగింతల్లో ఎవరు ఏడుస్తున్నా సరే, ఆ కెమెరా అమ్మానాన్నల మీద నుంచి కదలకూడదు.

ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఉన్నప్పుడు ఒకరి భుజం మీదుగా రెండోవాళ్ల మొహం తీస్తాం. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి వేరే పేరుంది గానీ, మన సెట్లలో సజెషన్ షాట్ అంటారు. భుజం, చెవి కొంచెం కనపడితే చాలు, ఆ మనిషి అక్కడున్నట్టు తెలుస్తుంది. ఇది నేర్పడానికి జీలకర్ర బెల్లం కన్నా మంచి చోటు లేదు. వధూవరులు ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో తెర. ఆ ఇద్దరి కళ్లని కలుపుతూ ఒక గీత గీసినట్టు ఊహించుకోవాలి. అతిథులు కూర్చున్న వైపు నుంచి చూస్తే అమ్మాయి ఎడమ పక్కన ఉండి కుడికి చూస్తోంది, అబ్బాయి కుడి పక్కన ఉండి ఎడమకి చూస్తున్నాడు అనుకుందాం. ఎన్ని కెమెరాలున్నా అన్నీ ఆ గీతకి ఇటువైపే ఉండాలి. అబ్బాయి భుజం దగ్గరకి జరిగితే అమ్మాయి మొహం దొరుకుతుంది, అమ్మాయి భుజం దగ్గరకి జరిగితే అబ్బాయి మొహం దొరుకుతుంది. ఇద్దరి చూపులూ కలుస్తాయి.

ఒక పెళ్లిలో నా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు అటు జనం ఎక్కువయ్యారని పురోహితుడి వెనక్కి వెళ్లి తీశాడు. పాపం వాడి ఫ్రేములు నా ఫ్రేముల కన్నా బాగా వచ్చాయి. మిక్సింగ్‌కి, అంటే షాట్లు ఒకదాని పక్కన ఒకటి అతికించడానికి కూర్చున్నాక తెలిసింది. నా షాటులో అమ్మాయి కుడికి చూస్తోంది. వాడి షాటులో అబ్బాయీ కుడికే చూస్తున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి పెడితే ఇద్దరూ కలిసి మూడో మనిషి ఎవరినో చూస్తున్నట్టుంది. పెళ్లి మొత్తానికి ప్రాణమైన క్షణం, వాళ్లిద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకునే క్షణం, చూపులు కలవలేదు. సినిమా షూటింగైతే వన్ మోర్ అంటారు. ముహూర్తానికి వన్ మోర్ ఉండదు. చివరికి రెండింటి మధ్య తమలపాకులో ఉన్న జీలకర్ర బెల్లం క్లోజప్ పెట్టాను. సరిగ్గా తల మీద నుంచి తీసింది, అందులో ఎడమా కుడీ తెలియదు. దాంతో కొంత సర్దుకుంది. ఆ గీత మీద నుంచి తీసిన షాట్‌గానీ, గీతని దాటుతూ కదిలే షాట్‌గానీ మధ్యలో పడితే కన్ను ఒప్పుకుంటుంది. ఇప్పుడు పెళ్లికి ముందే నా వాళ్లందరికీ మండపం దగ్గర నిలబెట్టి చూపిస్తాను, ఇదిగో గీత, దాటొద్దు అని.

ఇప్పటిదాకా చెప్పింది దూరం, వైపు. ఎత్తు గురించి చెప్పాలంటే మా నాన్న స్టూడియోలోకి వెళ్లాలి.

నాన్న దగ్గర యాషికా కెమెరా ఉండేది. 124 జీ. నిలువు పెట్టెలా ఉంటుంది, ముందు ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు. పైది చూడటానికి, కిందది తీయడానికి. ఒక రీలుకి పన్నెండు ఫోటోలు, చదరపు నెగటివ్. దానిలోంచి చూడాలంటే కంటికి ఆనించుకోనవసరం లేదు. పైన మూత తెరిచి, బావిలోకి చూసినట్టు తల వంచి గాజు మీద బొమ్మ చూడాలి. బొమ్మ ఎడమ కుడి తారుమారుగా కనిపిస్తుంది. నాన్న కెమెరాని కుడికి జరపాలనుకున్నప్పుడు బొమ్మ ఎటు పోతుందోనని నాకు చిన్నప్పుడు ఆశ్చర్యంగా ఉండేది.

ఆ కెమెరా వల్ల జరిగే పనొకటుంది. దాన్ని పొట్ట దగ్గర పట్టుకుంటారు కాబట్టి, లెన్సు ఎప్పుడూ నడుం, ఛాతీ ఎత్తులోనే ఉండేది. నిలబడ్డ మనిషిని అక్కడి నుంచి తీస్తే రవ్వంత కిందనుంచి చూసినట్టు ఉంటుంది. కుర్చీలో కూర్చున్న మనిషిని తీస్తే సరిగ్గా కళ్లకి కళ్లు. మా స్టూడియోలో తీసిన పాత ఫోటోలు చూడండి, పొలం పనులు చేసుకునే వాళ్లు, తోపుడు బండి మీద అరటిపళ్లు అమ్మే ఆవిడ, కొత్తగా ఉద్యోగం వచ్చిన గుమస్తా, ఎవరైనా సరే నిటారుగా, తమకి తాము పెద్దవాళ్లలా ఉంటారు. ఫోటో తీసే మనిషి వాళ్ల ముందు తల వంచుకుని నిలబడి ఉండేవాడు కూడా. ఆ సంగతి నాకు ఈ మధ్యే తట్టింది. చిన్నపిల్లల్ని తీసేటప్పుడు పిల్లల్ని బల్ల ఎక్కించేవాడు, లేకపోతే తనే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు.

తర్వాత మా స్టూడియోకి వచ్చిన కెమెరాలు చాలావరకు కంటికి ఆనించుకునేవే. దాంతో లెన్సు ఎత్తు అంటే తీసే మనిషి ఎత్తు అయిపోయింది. ఐదడుగుల నాలుగంగుళాల నేను నిలబడి తీస్తే లెన్సు ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. పెళ్లిపీటల మీద కూర్చున్న వాళ్ల కళ్లు వేదిక నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. నేను నిలబడి తీసినంతసేపూ నాకు దొరికేది బాసికాలు, పాపిడి, పూలజడ. వంచిన తల ఎలాగూ వంచే ఉంటుంది, దానికి తోడు నేను పైనుంచి. మొదటి రెండేళ్ల పెళ్లిళ్లు ఇప్పుడు తీసి చూస్తే అమ్మాయిల మొహాలు కనిపించవు. అందరూ సిగ్గుపడుతున్నారని అప్పట్లో అనుకున్నాను.

అందుకే పీట. పీటల మీద కూర్చున్న వాళ్లని తీయాలంటే నేనూ పీట మీద కూర్చోవాలి. వేదిక మూడడుగుల ఎత్తుంటే ఇంకో దారి ఉంది. కింద కుర్చీల మధ్య దారిలో నిలబడితే నా కంటి ఎత్తు, వాళ్ల కంటి ఎత్తు దాదాపు సమానమవుతాయి. అక్కడి నుంచి దూరాన్ని దగ్గరికి తెచ్చే 70-200 జూమ్ లెన్సు వేస్తే హోమగుండం పొగ మీదుగా మొహాలు చక్కగా వస్తాయి, ఎవరూ అడ్డు రాకపోతే. అడ్డు రాకపోవడం అన్నది మన పెళ్లిళ్లలో జరగదు కాబట్టి చివరికి పైకెక్కి పీట వేసుకోవాల్సిందే.

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు గురించి చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆయన సినిమాల్లో కుటుంబాలు చాపల మీద కూర్చుని అన్నం తింటాయి, మాట్లాడుకుంటాయి. కెమెరా కూడా అలా నేల మీద కూర్చున్నట్టే, ఇంకా చెప్పాలంటే వాళ్ల కళ్ల కన్నా కాస్త కిందే ఉంటుంది. లెన్సు ఎక్కువగా 50 ఎంఎం, అంటే మరీ వెడల్పుగానూ, మరీ దగ్గరగానూ చూపించనిది. మొదటిసారి చూసినప్పుడు భాష తెలియకపోయినా మా ఇంట్లో కూర్చున్నట్టే అనిపించింది. నేల మీద కూర్చునే ఇళ్లు వాళ్లవీ మనవీ.

కిందనుంచి తీస్తే బలం, పైనుంచి తీస్తే బలహీనత అని పుస్తకాల్లో రాస్తారు. మా మేనకోడలు నోట్‌బుక్‌లోనూ అదే ఉంది. కొంతవరకు నిజమే. మా తెనాలి విగ్రహాలు తయారుచేసే ఊరు. ఇక్కడ చేసిన నాయకుల విగ్రహాలు ఎన్నో ఊళ్లకి వెళ్తాయి. ఆ పనివాళ్ల దగ్గర నేల మీద ఉన్నప్పుడు అదే విగ్రహం పెద్ద బొమ్మలా ఉంటుంది. కూడలిలో దిమ్మె ఎక్కాక తలెత్తి చూస్తాం, మనిషి మారిపోతాడు. లో యాంగిల్ చేసే పని అదే. కానీ సూత్రంలా పట్టుకోకూడదు. 1941లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'సిటిజన్ కేన్'లో కథానాయకుడు ఎన్నికల్లో ఓడిపోయాక తన స్నేహితుడితో మాట్లాడే సన్నివేశం ఉంది. అక్కడ కెమెరాని ఇంకా కిందికి దించాలని సెట్ నేలనే తవ్వారు. అంత కిందనుంచి తీస్తే పైకప్పు కనపడుతుంది, సెట్లకి మామూలుగా పైకప్పు ఉండదు, అందుకని పల్చటి బట్ట కట్టి కప్పులు చేశారు. ఇంత శ్రమపడి తీసింది గెలిచిన వాణ్ణి కాదు, ఓడిన వాణ్ణి. ఆ ఎత్తులో ఆ మనిషి కొండలా కనిపిస్తాడు, ఆ గది అతని మీద మూతపెట్టినట్టు ఉంటుంది. కాబట్టి యాంగిల్‌కి అర్థం ముందే రాసి ఉండదు. ఆ ఎత్తులో ఫ్రేములోకి ఇంకేం వచ్చిందో చూడాలి.

హై యాంగిల్‌లోనూ అంతే. పైనుంచి తీస్తే మనిషి చిన్నవాడవుతాడన్నది నిజమే గానీ, అరుంధతీ నక్షత్రం చూపించేటప్పుడు నేను నిచ్చెన ఎక్కుతాను. ఇద్దరూ తలెత్తి ఆకాశంలోకి చూస్తారు కాబట్టి రెండు మొహాలూ విచ్చుకుని నా వైపే వస్తాయి. పట్టపగలు నక్షత్రం ఎవరికీ కనపడదు, అయినా చూస్తారు. పెళ్లి మొత్తంలో వాళ్లిద్దరూ కలిసి ఒకే వైపు చూసే ఫ్రేము అదొక్కటే అనిపిస్తుంది నాకు.

టాప్ యాంగిల్ అంటే సరిగ్గా నెత్తి మీద నుంచి నిట్టనిలువుగా. ఇప్పుడు డ్రోన్లు వచ్చాక ప్రతి పెళ్లిలో ప్రతి పది నిమిషాలకీ పెడుతున్నారు. పైనుంచి చూస్తే అన్ని ఫంక్షన్ హాళ్లూ ఒకలాగే ఉంటాయి. టాప్ యాంగిల్ తప్ప ఇంకే రకంగానూ కనపడని విషయం ఉన్నప్పుడు వాడాలి. బిందెలో ఉంగరం అలాంటిది. ఆ నీళ్లలో రెండు చేతులు ఉంగరం కోసం వెతుక్కుంటాయి, మధ్యలో ఒక చెయ్యి రెండో చేతిని కావాలనే పట్టుకుంటుంది. పక్కనుంచి తీస్తే బిందే కనపడుతుంది. పైనుంచి తీస్తేనే చేతులు కనిపిస్తాయి. దానికి డ్రోన్ అక్కర్లేదు, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) చివర కెమెరా కట్టి చాపితే చాలు.

కెమెరాని పక్కకి ఒరిగించి తీసే యాంగిల్ కూడా ఉంది, డచ్ యాంగిల్ అంటారు. కథలో ఏదో తేడా కొడుతోందని చెప్పడానికి సినిమాల్లో వాడతారు. ఫోటోల్ని కంప్యూటర్లో డిజైన్ చేసి పుస్తకంలా వేసే కరిజ్మా ఆల్బమ్‌లు కొత్తగా వచ్చిన రోజుల్లో ప్రతి పేజీలో వధూవరుల్ని ఇలా ఒరిగించేవాళ్లం. నేనూ చేశాను, చాలా చేశాను. ఇప్పుడు పెళ్లిలో అస్సలు వాడను. రాటలు నిటారుగా పాతిన పందిట్లో మనుషులు పడిపోతున్నట్టు ఎందుకుండాలి?

ఇవన్నీ అయ్యేసరికి రాత్రి పన్నెండున్నర. పొద్దున్నే మా మేనకోడలు అమ్మ చేత మళ్లీ గోంగూర కట్టలు కొనిపించింది. ఇంటిల్లిపాదీ వరసగా రెండు రోజులు గోంగూర తిన్నాం. ఈసారి అది ముందు గుమ్మం బయట నిలబడి వరండా అంతా ఒక షాట్ తీసింది. గోడకి ఆనించిన సైకిలు, ఆరేసిన వడియాల గుడ్డ, మధ్యలో చిన్నగా అమ్మ. తర్వాత కారు డిక్కీలోంచి పీట తెచ్చుకుని అమ్మకి ఐదడుగుల దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి వేసుకుని కూర్చుంది. రెండు మోచేతులూ మోకాళ్ల మీద ఆనించి ఫోన్ పట్టుకుంది. అది నేను చెప్పలేదు, దానికే తోచింది.

అలా కూర్చున్నాక ఇంకొకటి జరిగింది. ముందురోజు నిలబడి తీసినప్పుడు అమ్మ పదకొండు నిమిషాలూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు మనవరాలు తన ఎత్తులో కూర్చునేసరికి, ఎర్ర కాడ గోంగూరకి పులుపు ఎక్కువని, కడిగిన ఆకు తడి ఆరకపోతే పచ్చడి నిలవుండదని, తన అత్తగారు ఆకు తుంచేటప్పుడు కాడ వదిలేస్తే ఎలా కోప్పడేవారో, అన్నీ చెప్పుకుంటూ పోయింది. పిల్ల మిడ్ షాట్‌లోంచి కదలకుండా విన్నది. చివర్లో జూమ్ చేసి అమ్మ వేళ్లు తీసింది. బొటనవేలి గోరు పక్కన గోంగూర పసరు పట్టిన నలుపు, కాడ విరిచినప్పుడు వచ్చే చిన్న చప్పుడు.

రాత్రి మళ్లీ టీవీలో పెట్టింది. హెడ్‌రూమ్ బాగా ఎక్కువైంది, అమ్మ తలపైన సగం గోడే ఉంది. నేనేమీ అనలేదు, అది రేపు చెప్పొచ్చు. అమ్మ కళ్లజోడు తెచ్చుకుని మొత్తం చూసింది. చూసి, "మా అత్తగారి మాట దగ్గర మళ్లీ ఒకసారి పెట్టవే" అంది.